లాటిన్ రెండులో మూడు వారాలు

జిగురక్కకు ముప్పై ఆరేళ్లు. పెద్ద గ్రంథాలయం కింది అంతస్తులో, చిరిగిన పాత పుస్తకాలను విప్పి మళ్లీ కుట్టి అట్టలు వేయడం ఆమె పని. వేళ్లకు ఎప్పుడూ ఆరిన జిగురు అంటుకుని ఉంటుంది కాబట్టి తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. ఎక్కువగా వచ్చేవి లాటిన్‌లో ఉన్న పాత వైద్యగ్రంథాలు. పదమూడేళ్లు కుట్టింది గానీ ఒక్క వాక్యం అర్థమైతే ఒట్టు. ఆ వెలితి భరించలేకే, సగంలో వదిలేసిన డిగ్రీలో మళ్లీ చేరింది.

అక్కడితో ఆగలేదు. ఆ గ్రంథాల మీదే పీజీ చేయాలనుకుంది. దానికి రెండు భాషలు కావాలట. లాటిన్ రెండేళ్లు చదివి ఉండాలి, జర్మన్‌లో ఒక పరీక్ష పాసవ్వాలి, అందుకు అక్కడా రెండేళ్ల క్లాసులు. డిగ్రీకి మిగిలింది రెండేళ్లే. కాలేజీలో సలహాలిచ్చే మేడమ్ జర్మన్ ముందు కానిమ్మంది. ఆఫీసు గుమాస్తా లాటిన్ ముందు అన్నాడు. తీరా చూస్తే రెండు క్లాసులూ సోమ, బుధవారాల్లో ఒకే గంటకు. ఆమెకు బుర్ర తిరిగిపోయింది.

ఆమె భర్త బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేస్తాడు. "నూట నలభై మందిని సర్దేవాణ్ని, నీ అయిదు క్లాసులు ఒక లెక్కా?" అంటూ ఆదివారం పొద్దున్నే కాగితం పరిచాడు. లాటిన్ పెడితే జర్మన్ ఎగిరిపోయేది. జర్మన్ పెడితే లాటిన్ రోడ్డున పడేది. మధ్యాహ్నం దాకా చెరిపి రాసి, చివరికి మంగళ, గురువారాల్లో పొద్దున ఎనిమిదింటికి 'లాటిన్-2' కనిపెట్టాడు. రెండో బ్యాచ్ అని తేల్చేశాడు. మర్నాడు గుమాస్తా తలెత్తకుండానే ముద్ర కొట్టాడు.

మొదటిరోజే మాస్టారు నలభయ్యో పేజీ తీయమన్నారు. అందరూ గబగబా రాసుకుంటున్నారు. ముందే ఇంట్లో చదువుకొచ్చారు కాబోలు అనుకుంది. రెండో వారానికి, తన బుర్రకే తుప్పు పట్టిందన్న నిర్ణయానికి వచ్చింది. ఇంట్లో మాత్రం బాగానే ఉందని చెప్పింది.

మూడో వారంలో మాస్టారు ఆమెను ఒక పేరా చదవమన్నారు. పాత పుస్తకాల్లో పేజీ అడుగున తర్వాతి పేజీ మొదటి మాట అచ్చు వేసేవారు. ఊడిన కాగితాలను వరసలో పెట్టడానికి ఆ మాటలను పైకి చదువుకోవడం ఆమెకు అలవాటు. గడగడా చదివేసింది. అర్థం అడిగితే, అది తెలియదండీ అంది.

"మొదటి సంవత్సరం ఎవరి దగ్గర చదివారు?" అన్నారాయన.

"ఇదే కదండీ మొదటి సంవత్సరం?"

ఎవరూ నవ్వలేదు. అందుకే మరీ సిగ్గేసింది. క్లాసయ్యాక ఆయన, రెండంటే రెండో ఏడాది అని నెమ్మదిగా చెప్పి, మూడు వారాలు ఎలా కూర్చున్నారని అడిగారు.

"చదువంటే అందరికీ ఇలాగే ఉంటుందేమో అనుకున్నానండి."

మొదటి ఏడాది క్లాసుకు మారడానికి శుక్రవారం దాకా గడువుందని, ఆమె చదివిన తీరు చూస్తే వెనకబడిన పాఠాలు తొందరగానే అందుకుంటుందని ఆయన అన్నారు.

ఇంటికొచ్చి చెబితే భర్త ముఖం మాడిపోయింది. డిపోలో రెండంటే రెండో బ్యాచేనని గొణిగాడు. తర్వాత ఇద్దరూ కూర్చుని, అదే గంటకు పడుతున్న జర్మన్‌ను ఈ ఏడాదికి తీసేశారు. అంటే డిగ్రీకి ఇంకో ఏడాది. అప్పటికి పీజీవాళ్ల నియమాలు ఇలాగే ఉంటాయా అని మేడమ్‌ను అడిగితే, ఉండొచ్చు, ఉండకపోవచ్చు అంది.

చేసింది మంచిదో కాదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. అయినా బుధవారం కొత్త క్లాసుకు వెళ్లింది. పక్కనున్న అమ్మాయిని, ఇది మొదటి సంవత్సరమేనా అని అడిగింది.

"అనే అనుకుంటున్నానండి," అంది ఆ పిల్ల బెదురుగా.

జిగురక్క లేచి, తలుపు మీద అంటించిన కాగితం రెండుసార్లు చదివి వచ్చి కూర్చుంది.