మీరెక్కడ కూర్చుంటారండి?

పాత లైటు వెయ్యగానే బల్బు మీది దుమ్ము కాలిన వాసన వచ్చింది. ఫోటో స్టూడియోలో ఇప్పుడన్నీ ఎల్‌ఈడీలే. ఇది మాత్రం సత్యవతి గారిది, పారెయ్యలేదు. ఆ వాసన తగిలితే ఆవిడ గొంతు గుర్తొస్తుంది: "కదలకమ్మా దేవీ, ముక్కు నీడ చూడాలి."

భర్త పోయాక నిడదవోలు స్టేషన్ రోడ్డులోని ఈ స్టూడియోను ఆవిడే నడిపారు. కంప్యూటర్‌లో ముఖాలు తెల్లగా చేసే పనికి నేను చేరాను. బేరాల్లేని మధ్యాహ్నాలు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, లైటును జానెడు పైకీ జానెడు పక్కకీ జరుపుతూ ప్రయోగాలు చేసేవారు. ముక్కు కింద చిన్న నీడ, చెంప మీద మూడు మూలల వెలుగు, సగం ముఖం చీకటి. ప్రతిదాన్నీ నోటు పుస్తకంలో బొమ్మ గీసుకునేవారు.

ఒకసారి గోదావరిలో చేపల వేటకెళ్లే ఒకాయనకు పక్క నుంచి వెలుగు పెట్టి ఫోటో తీశారు. నాకు చాలా నచ్చింది. ఆయన భార్య చూసి, "ఈయనెవరండీ? సగం మొహానికి మసి పూశారేంటి?" అంది. నేను చిన్నబుచ్చుకున్నాను. సత్యవతి గారు నవ్వి, "ఇంట్లో ఈయన ఎక్కడ కూర్చుంటారమ్మా?" అని అడిగారు.

"గడపలోనండి. వల బాగుచేసుకుంటా తలొంచుకునే ఉంటారు. పిలిస్తే పలకరు కూడాను."

వాకిట్లో నేల మీద పడ్డ ఎండ, కింద నుంచి ఆయన ముఖం మీదికి కొడుతుందన్నమాట. సత్యవతి గారు నేల మీద తెల్ల దుప్పటి పరిచి, లైటు దాని మీదికి తిప్పారు. కింది వెలుగులో మనుషులు దెయ్యాల్లా కనిపిస్తారని నేను చదివాను. ఆ మాటే అన్నాను. "ఆవిడ రోజూ చూసేది ఆ వెలుగులోనే కదమ్మా" అన్నారు. రెండో ఫోటో చూసి ఆయన భార్య, "ఆఁ, ఈయనే" అంది. అప్పటి నుంచి లైటు ముట్టుకునే ముందు అందరినీ అదే అడిగేవారు.

ఆరేళ్ల తర్వాత ఆవిడకు జబ్బు చేసింది. "నాకు సరైన ఫోటో ఒక్కటీ లేదు. నేను పోయాక ఆధార్ కార్డులోది పెద్దది చేసి తెల్లగా చేసేస్తావు నువ్వు. ఓపికుండగానే తియ్యి" అన్నారు. మూడు లైట్లు పెట్టాను. నోటు పుస్తకంలోని బొమ్మలన్నీ ప్రయత్నించాను. ఆవిడ అలసిపోతున్నారని తెలుస్తున్నా ఆపలేకపోయాను. కెమెరాలో చూసి, "ఎవరీవిడ?" అన్నారు. తర్వాత మెల్లగా, "నేనెక్కడ కూర్చుంటానో నీకు తెలీదూ?" అన్నారు.

లైట్లన్నీ ఆర్పేశాను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కౌంటర్ వెనక ఆవిడ కుర్చీలో కూర్చోబెట్టాను. రోడ్డు వెలుతురు ఎడమ చెంప మీద పడింది, కౌంటర్ అద్దం నుంచి కొంచెం గడ్డం కిందికి వచ్చింది. ఎవరో బేరం వచ్చినట్టు తలెత్తి చూశారు. నొక్కాను.

"ఇది నేనే. తెల్లగా చెయ్యకు" అన్నారు.

చెయ్యలేదు. నెల తిరక్కుండానే ఆవిడ పోయారు. ఆ ఫోటో చూసి వాళ్లమ్మాయి, "స్కూలు నుంచి వస్తే అమ్మ ఇలాగే తలెత్తేది" అంది.

ఈ రోజు వచ్చినావిడ ఇన్నాళ్లూ టిఫిన్ బండి నడిపింది. వచ్చే వారం సొంత హోటలు తెరుస్తోంది, బోర్డు మీదికి తన ఫోటో కావాలట. పాత లైటు వేశాను గానీ, ఇంకా ఎటూ తిప్పలేదు.

"మీరెక్కడ కూర్చుంటారండి?" అని అడిగాను.

"కూర్చోడమా!" అని పకపకా నవ్వింది. "పొయ్యి దగ్గర నిలబడ్డమేనండి."

స్టూలు తీసి పక్కన పెట్టాను.