వంకర ముక్కు కోడిపెట్ట

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన ఏడాది నేను ఎనిమిదో తరగతి తప్పి, జమ్మలమడుగులో తీరుబడిగా ఉన్నాను. మా పెరట్లో ముక్కు మెలిపడ్డ కోడిపెట్ట ఒకటి గింజలు ఏరుకోలేకపోయేది. నేను లోతు చిప్పలో సంగటి పల్చగా కలిపి పెడితే, అన్నిటికంటే అదే బలిసింది.

ఇంతలో ప్రొద్దుటూరు నుంచి కొత్త బావ దిగాడు. అవ్వ ఆ పెట్టనే పట్టి, కోయించుకు రమ్మని నా చేతికిచ్చింది.

మా వీధిలో కోళ్లు కోసే దస్తగిరి తాతకు కూలి కోడి తలకాయే. కత్తి తీసినవాడు దాని మూతి చూసి ఆగిపోయాడు.

"ఏందప్పా ఇది? ఈ వంకర తలకాయ నేనేం చేసుకోవాల? ఇంకోదాన్ని పట్టకరాపో."

"శానా వంకర తాతా," అన్నాను సాయంగా.

తిన్నని ముక్కున్న కోడి కూరైంది. నేనూ తిన్నాను, బాగానే ఉంది. నా సేవ కత్తి దాకా తీసుకుపోయిన పెట్టను దాని ముక్కే వెనక్కి తెచ్చింది. సాయంత్రం అది చిప్ప దగ్గర నిలబడి, సంగటి ఆలస్యమైందని నా మీద అరిచింది.