గంపలో చెక్కగుడ్లు

మా అత్తగారింట్లో పాడి బర్రె ఉండేది, రెండు మేకలు ఉండేవి, గంప కిందికి పట్టనన్ని కోళ్లు ఉండేవి. వాటన్నిటి మధ్య చీపురుపుల్లలాగా ఏడాదిన్నర వయసున్న నా కూతురు ఉండేది. పాలు తెల్లారేసరికి ఉదయగిరి బస్టాండు దగ్గర టీ అంగళ్లకు పోయేవి. మేకపిల్లలు సంతకు పోయేవి. కోడిపిల్లలు పెరిగి పెద్దవై, మర్రిపాడు రోడ్డు మీద లారీ ఆపిన డ్రైవర్ల చేతుల్లోకి పోయేవి. ఇంట్లో మిగిలేది రాగి సంగటి, మజ్జిగనీళ్లు. పాప ఆ రెండూ తిని పెరగాలి. పెరగలేదు.

ఎనభైల మొదట్లో మాట ఇది. ఆ ఈడు పిల్లలు వీధిలో పరుగులు పెడుతుంటే నా బిడ్డ అరుగు మీద దేకేది. చంకలు పట్టి నిలబెడితే కాళ్లు ముడుచుకుని కూలబడేది. దాని తండ్రికి లారీ మీద ఉద్యోగం, ఎప్పుడో వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. మామ అంతకు ముందే పోయాడు. ఇంట్లో ఉండేది అత్త, నేను, పాప. ఆత్మకూరులో పుట్టింటికి పోయినప్పుడు దాన్ని డాక్టరుకు చూపించాను.

ఆయన పాప తొడను రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

"ఇంట్లో పాడి ఉండాదా?"

"ఉండాది సార్."

"కోళ్లు?"

"శానా ఉండాయి సార్."

"మేకలు?"

"అవీ ఉండాయి."

ఆయన కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు. "అయితే బిడ్డకు పెట్టకుండా అవన్నీ ఎవరికోసమమ్మా మేపతా ఉండేది?" అన్నాడు. టానిక్కు రాసిస్తాడేమోనని చూస్తున్నాను. అదేమీ రాయలేదు. "రోజూ ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు. పెట్టకపోతే ఈ కాళ్లు నిలబడవు" అని పంపేశాడు. బస్సెక్కి ఇంటికి వచ్చేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. పాప మాత్రం టికెట్టు నముల్తూ కూర్చుంది.

పాల సంగతి సులువుగానే తేలింది. అంగడికి పోయే చెంబులో ఒక గ్లాసు పాలు తీసి, ఒక గ్లాసు నీళ్లు పోసే విద్య మా అత్తకు ముందునుంచీ వచ్చు. టీ తాగేవాళ్లూ ఏమీ అనలేదు. గుడ్డు దగ్గరే యుద్ధం.

"ఏందీ, గుడ్డా? మాటలు రాని బిడ్డకా?" అని అత్త రాగుల చేట కింద పెట్టేసింది. "నాలిక మొద్దుబారిపోతుందే. నా మనమరాలిని మూగదాన్ని చేస్తావా? ఆ డాక్టరుకేం, చెప్పినాడు, పోయినాడు. రేపు మూగదాన్ని ఆయన చేసుకుంటాడా?"

"కాళ్లు నిలబడవంటా ఉండాడు అత్తా."

"నిలబడతాయిలే. గుడ్డంటే ఏందనుకున్నావు? పొదిగిస్తే కోడి. ఒక గుడ్డు మింగితే ఒక కోడిని మింగినట్టే."

ఆ పాప ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఫోనెత్తితే నా చెవి వేడెక్కేదాకా పెట్టదు. నాలిక మొద్దుబారిన సూచనలు ఇంతవరకూ కనపడలేదు. కానీ ఆ రోజు నా దగ్గర అంత సాక్ష్యం లేదు.

మా ఇంట్లో గుడ్లను సజ్జల బానలో దాచేవాళ్లం. కోడి పెట్టిన గుడ్డును పెట్టినట్టే తెచ్చి సజ్జల్లో పూడ్చిపెడితే చెడదు. పెట్ట పొదగడానికి కూర్చునేదాకా అవి అక్కడే ఉండేవి. పొద్దుగూకే వేళకు అత్త బానలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఒక్కొక్కదాన్నే తడిమి లెక్క చూసుకునేది. ఒకటి తగ్గితే ఊరంతా వినపడేది. తగ్గకుండా తియ్యాలంటే ఎట్లా అని నేను రెండు రోజులు ఆలోచించాను.

దారి పక్కింట్లోనే దొరికింది. అక్కడ ఉండే సాయిబు కొండ కర్రతో గరిటెలు, స్పూన్లు చెక్కేవాడు. పొద్దున్నే వసారాలో కూర్చుంటే సాయంత్రానికి ఆయన చుట్టూ చెక్కపొట్టు మోకాలెత్తు చేరేది. నేను అన్నా అని పిలిచేదాన్ని.

"అన్నా, నాకొక గుడ్డు చెక్కిపెట్టవా?"

ఇంకొకరైతే ఎందుకని అడిగేవాళ్లు. ఆయన బాడిస పక్కన పెట్టి, "నాటుకోడిదా చెల్లెమ్మా, ఫారం కోడిదా?" అన్నాడు.

"నాటుకోడిదే. మా అత్తకు మాత్రం చెప్పొద్దు."

"నా నోట్లో నుంచి రాదు చెల్లెమ్మా."

బరువు సరిపోవాలని పచ్చికర్రతో చెక్కి, నున్నగా రుద్ది, కాస్త సున్నం పూసి ఇచ్చాడు. దాన్ని కోడి కింద పెడితే కోడే మోసపోతుంది, మా అత్త ఎంత? దాంతోపాటు పాప నోటికి సరిపడే చిన్న చెక్క స్పూను ఒకటి అడక్కుండానే ఇచ్చాడు. నేను చెక్కగుడ్డును బానలో పూడ్చి, నిజం గుడ్డును తీసుకున్నాను. బర్రెకు ఉలవలు ఉడికే కుండలోనే దాన్ని వేసి, ఉలవలతోపాటు ఉడికించాను. గడ్డివామి వెనక్కి పాపను తీసుకుపోయి, స్పూనుతో మెదిపి పెట్టాను. మహా ఇష్టంగా తినింది. ఇక అప్పటినుంచి ఒక చెక్కగుడ్డు బానలోకి, ఒక నిజం గుడ్డు బయటికి. సాయిబు ఇంట్లో కోడి లేదు గానీ గుడ్లు మాత్రం ఆగకుండా వస్తూనే ఉన్నాయి.

కొద్ది రోజులకు పాప గుడ్డు సగం తిని మూతి తిప్పుకోవడం మొదలుపెట్టింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత దొంగతనం చేసి తెస్తే తినదేందని వామి వెనక కూర్చుని ఏడ్చాను. అప్పుడు నాకు కొన్ని సంగతులు అర్థమయి ఉండాల్సింది, అర్థం కాలేదు. పెంకులు పూడ్చడానికి పేడదిబ్బ గీకితే లోపల ముందే పెంకులుండేవి. ముంగిస పని అనుకున్నాను. ముంగిస గుడ్డు తిని పెంకులు గుంత తీసి పూడ్చదన్న ఆలోచన నాకు రాలేదు. ఒకరోజు పొయ్యి బూడిదలో ఢబ్బుమని ఏదో పేలింది. నేను ఉలిక్కిపడితే, "చింతగింజలే" అనింది అత్త. ఇంకొకరోజు బానలో చెయ్యి పెడితే వరసగా చెక్కవే తగిలాయి. నేను పెట్టినవి నాకే తగులుతున్నాయి, చేసిన పాపం ఊరికే పోతుందా అనుకుని, ఇంకా లోతుకు పోయి నిజందాన్ని వెతుక్కున్నాను.

పాప కాళ్లకు కొంచెం కండ పట్టింది. బుగ్గలొచ్చాయి. "చూసినావా నా సంగటి మహిమ?" అనేది అత్త. నేను పళ్లు బిగబట్టి, "అవునత్తా" అనేదాన్ని. కానీ కాళ్లు ఇంకా నిలబడలేదు. నిలబెడితే క్షణం నిలిచి కూలబడేది. ఆ క్షణం కోసమే నేను రోజూ బాన దగ్గర ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దొంగతనం చేస్తున్నాను.

అంతలో పుల్లరంగు పెట్ట పొదగడానికి కూర్చుంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పొదగేసే ముందు మా అత్త ఒక్కొక్క గుడ్డునే పిడికిట్లో పెట్టుకుని, ఎండకు అడ్డంగా పట్టి చూసేది. లోపల జీవం పోసుకునేది ఏది, మురిగేది ఏది అని అట్లా ఏరేది. ఆ పని ఆమె ఎవరికీ వదిలేది కాదు. చెక్క గుడ్డును ఎండకు పట్టి చూస్తే ఏం కనపడుతుంది? గంపలో వరిగడ్డి పరిచాను, బూడిద చల్లాను, ఉరుములకు గుడ్లు చెడకుండా ఇనుపముక్క పెట్టాను. ఇక పుట్టింటికి పోవడమే అనుకుంటూ నిలబడ్డాను.

అత్త బాన ముందు కూర్చుని ఆకాశంలోకి చూసింది. "మబ్బు పట్టినట్టుండాదే. ఇయ్యాళ ఎండకు చూసేది కుదరదు" అనింది.

మా వైపు మబ్బు కోసం మనుషులు ముఖాలెత్తి ఏళ్ల తరబడి చూస్తారు. ఆ రోజు ఎండకు అరుగు మీది రాయి కాలుతోంది. ఆకాశంలో గోరంత మబ్బు లేదు.

"అవునత్తా, బాగా కమ్ముకొచ్చింది" అన్నాను.

ఇద్దరం మబ్బు సంగతి మాట్లాడుకుంటూనే గుడ్లన్నీ గంపలో సర్దేశాం. అంత ఎండలో అత్తకు మబ్బు ఎందుకు కనపడిందో నేను అడగలేదు.

పెట్ట కూర్చుంది. పాపం, ఏ పెట్టా అంత శ్రద్ధగా కూర్చోలేదు. చెక్కను కూడా కోడిని చేస్తానన్నంత పట్టుదలతో కూర్చుంది. మూడు వారాలు దగ్గరపడేకొద్దీ నాకు అన్నం సయించలేదు. పిల్లలు రాకపోతే అత్త గుడ్లు పగలగొట్టి చూస్తుంది. అవి పగలవు. అందుకని, పెట్ట మేతకు దిగిన వేళ చూసి నా చెక్కగుడ్లను తీసేసి, పాము మింగిందని చెప్పాలనుకున్నాను. పాము మీద ఎవరూ తగువు పెట్టుకోరు కదా.

ఒక మధ్యాహ్నం అత్త బర్రెను కడగడానికి బావి దగ్గరికి పోతున్నానంది. పెట్ట కూడా మేతకు దిగింది. నేను పాపను గంప పెట్టిన కొట్టం గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, వంగి లోపలికి పోయాను.

గంప ముందు అత్త కూర్చుని ఉంది. కొంగు నిండా గుడ్లు.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆమె కొంగులోంచి ఒకటి జారి నేల మీద పడింది. పగలలేదు. టక్కుమని దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది.

"ఇది నాది కదా?" అన్నాను నోరు జారి.

"నీదేందే? నాది" అనింది అత్త.

"నేను చెక్కించింది అత్తా."

"నేను చెక్కించింది!"

గంపలో మిగిలినవాటిని ఒక్కొక్కదాన్నే తీసి రాయికేసి కొట్టి చూశాం. టక్, టక్, టక్. అన్నీ చెక్కే. ఒక్క నిజం గుడ్డూ లేదు.

"ఆ సాయిబు నాకు చెప్పలేదే!" అనింది అత్త.

"నాకూ చెప్పలేదు."

"నేను దినామూ పొయ్యిలో కాల్చి బిడ్డకు పెడతా ఉంటే, నువ్వెందుకు పెట్టినావే మళ్లీ?"

"నువ్వు పెడతా ఉండావని నాకెట్టా తెలుసు? మూగదవుతుందని నువ్వే కదా వద్దనింది! పెట్టేదానివి చెప్పి పెట్టకూడదా?"

"నీ ముందర నా మాట పోగొట్టుకోవాల్నా?"

"అది సగం తిని మూతి తిప్పుకుంటే నేనెంత ఏడ్చినానో తెలుసా?"

"సగం తినిందా? నా దగ్గర మొత్తం తినేదే!" అని అత్త గర్వంగా అనింది. నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చింది అనబోతున్నాను.

అప్పుడు మా మధ్యలోంచి చిన్న చెయ్యి ఒకటి వచ్చి గంపలోంచి చెక్కగుడ్డు తీసుకుంది. పాప గంప అంచు పట్టుకుని నిలబడి ఉంది. గుమ్మం దగ్గర నుంచి ఎప్పుడు దేకి వచ్చిందో, ఎప్పుడు లేచిందో మేమిద్దరం చూడలేదు. కాళ్లు వణుకుతున్నాయి గానీ కూలబడలేదు. గుడ్డును నోట్లో పెట్టుకుని కొరికి, తెగక, మా ఇద్దరి వైపు కోపంగా చూసింది.

నేను నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒకేసారి చేశాను. అత్త మాత్రం పాప కాళ్లనే చూస్తూ ఉండిపోయింది. మా ఆయన కంటే ముందు ఆమెకొక ఆడపిల్ల పుట్టి, చిన్నప్పుడే పోయిందని ఊళ్లో ఎవరో అంటే విన్నాను. ఆమె నోట ఎప్పుడూ వినలేదు.

"దీని ఈడే" అనింది అత్త. "ఇట్నే దేకతా ఉండేది. ఇంటి నిండా కోళ్లే. మా అత్త పెట్టొద్దనింది. నేను పెట్టలా. భయపడినాను."

"మరి నన్నెందుకు వద్దన్నావు అత్తా?"

"ఏమో. అత్తనైపోయినాను కదా, నోట్లో నుంచి మా అత్త మాటే వచ్చింది. చెయ్యి మాత్రం ఆ మాట వినలా" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. కొంగులో ఉన్న చెక్కగుడ్లన్నీ గలగలా కింద పడ్డాయి.

పెట్ట తిరిగొచ్చి మమ్మల్నిద్దర్నీ పొడిచి, ఆ చెక్కగుడ్ల మీదే మళ్లీ కూర్చుంది. సాయిబును నిలదీస్తే, "ఒకరికి తెలీకుండా ఒకరు చెప్పొద్దనే కదా ఇద్దరూ చెప్పినారు. నేనేం చేసేది చెల్లెమ్మా?" అన్నాడు. ఆయన మాటలో తప్పేం ఉంది?

మరునాడు పొద్దున ఇంకో పెట్ట గుడ్డు పెట్టింది. అత్త దాన్ని బానలో వెయ్యలేదు. పొయ్యి మీద విడిగా గిన్నె పెట్టి ఉడికించింది. వీధి అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పాపను ఒళ్లో పెట్టుకుని, నీళ్లకు పోయే ఆడవాళ్లందరూ చూస్తుండగా చెక్క స్పూనుతో తినిపించడం మొదలుపెట్టింది.

ఒకామె బిందెతో ఆగి, "అదేంది వదినా, మాటలు రాకముందే గుడ్డు పెడతా ఉండావు?" అనింది.

"రాకపోతే దాని బదులు నేను మాట్లాడతాలే. నువ్వు పో" అనింది మా అత్త.