ఏనుగు బొమ్మ కింద మారిన వాక్యం

విజయవాడలో డిగ్రీ చదివే రోజుల్లో డిబేట్ పోటీలకు వెళ్లేదాన్ని. చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షాన మాట్లాడాలి. ఒకే ఒక్కసారి చీటీ తిరిగి ఇచ్చేశాను. ఆత్మలు ఉన్నాయని వాదించాల్సి వచ్చింది. నమ్మని మాటను గెలుపు కోసం కూడా చెప్పలేనన్నాను. ఆ అభిప్రాయం నేటికీ మారలేదు. కాబట్టి దీన్ని సాక్ష్యంగా మాత్రమే చదవండి. తీర్పు నేను ఇవ్వడం లేదు.

మాది కొండపల్లి. నాన్న చెక్కబొమ్మలు చేస్తారు. వాటిని అమ్మే వెబ్‌సైట్‌ను తయారుచేసింది మా అక్క సుధ. రెండేళ్ల కిందట అక్క జబ్బుచేసి పోయింది. అప్పటి నుంచి సైటును నేను చూసుకుంటున్నాను. ఇంట్లో ఉండేది నేనూ నాన్నే.

అక్క మీద నాకు అసూయ ఉండేది. ఉండేది అనడం సరికాదు, ఉంది. ఒక్కో బొమ్మ కింద ఆమె రాసిన రెండు ముక్కలను నాన్న కొన్నవాళ్లకూ కొననివాళ్లకూ చూపించి, "ఎంత బాగా రాసిందో చూశారా!" అనేవారు. నేను రాసినవి చదివి, "సరిగానే ఉంది" అంటారు. నాకు కావలసింది "బాగుంది" అన్న ఒక్క మాట. పోయినవాళ్లతో పోటీ అన్యాయమైనది. వాళ్లు ఇక తప్పులు చేయరు.

అక్క ఖాతాను సైటులోంచి తీసేద్దామని అడిగాను.

"రేషన్ కార్డులో పేరు ఎలాగూ తీయించాం. ఇదైనా ఉండనివ్వమ్మా," అన్నారు నాన్న.

వాడని ఖాతా తెరిచి ఉంచిన తలుపులాంటిదని వాదించాను.

"అయితే మీ అక్కొచ్చి ఏం ఎత్తుకుపోతుంది?" అన్నారు.

ఈ ఎండాకాలంలో నాన్న కొత్త బొమ్మ చేశారు. తొండంతో పిల్లను దగ్గరకు తీసుకున్న ఏనుగు. అక్క చూడని బొమ్మ. దాని కింద నేను రాశాను: "తేలికైన పొణికి కర్రతో చేసిన ఈ బొమ్మ బరువు చాలా తక్కువ." నాన్న చదివి, "సరిగానే ఉంది" అన్నారు.

కొన్ని వారాలకు ఒక హెచ్చరిక మెయిల్ వచ్చింది. మా సైటులో లాగిన్ కోసం వాడుతున్న చిన్న ప్రోగ్రాం, అంటే ప్లగిన్‌లో లోపం బయటపడిందట. ఖాతాదారు పేరు తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా ఆ ఖాతాలోకి రావచ్చు. వెంటనే అప్‌డేట్ చేసుకోమన్నారు. సైటును తాత్కాలికంగా మూసి, ఎవరెవరు వచ్చారో చూశాను. కొత్తవాళ్లెవరూ లేరు. ముందురోజు అక్క ఖాతా మాత్రం లాగిన్ అయింది. ఏనుగు కింద నా వాక్యం పోయి మరొకటి ఉంది:

"ఈ ఏనుగును మీ మూడేళ్ల పాప ఒంటిచేత్తో ఎత్తగలదు."

దొంగలు జూదం ప్రకటనలు పెడతారు, కొన్నవాళ్ల వివరాలు దోచుకుంటారు. వాక్యాన్ని మెరుగుపరచరు. అయినా లోపం ఉంది కాబట్టి ఎవరైనా చేసి ఉండవచ్చు. ఆ వివరణ నాకు సరిపోయింది. ప్లగిన్‌ను అప్‌డేట్ చేశాను. అందరినీ లాగౌట్ చేసి, అన్ని పాస్‌వర్డ్‌లూ మార్చాను. అక్క ఖాతాకు కొత్త పాస్‌వర్డ్‌ను కంప్యూటరే తయారుచేసింది; దాన్ని నేను చదవలేదు, ఎక్కడా దాచలేదు. చివరగా నా వాక్యాన్ని తిరిగి పెట్టాను. అన్నిటికన్నా పట్టుదలగా చేసిన పని అదే.

ఆ తర్వాతి ఆదివారం ఇంటికి తాళం వేసి, ఇద్దరం విజయవాడలో హస్తకళల ప్రదర్శనకు వెళ్లాం. ల్యాప్‌టాప్ నా సంచిలో ఉంది. మధ్యాహ్నం ఒకావిడ మా స్టాల్ ముందు నిలబడి ఫోన్‌లో సైటు చూస్తూ నవ్వింది.

"ఏదీ, ఒంటిచేత్తో ఎత్తు చూద్దాం," అంది పక్కనున్న కూతురితో.

పాప ఏనుగును ఎత్తింది.

"అన్నం తినదు గానీ ఏనుగును ఎత్తేసిందండీ మా పిల్ల!"

నాన్న పగలబడి నవ్వారు. అక్క పోయాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

అక్కడే ల్యాప్‌టాప్ తెరిచాను. వాక్యం మళ్లీ మారి ఉంది. మార్చింది అక్క ఖాతా. మేం బయలుదేరాక, తాళం వేసిన మా ఇంటి ఇంటర్నెట్ నుంచే.

తిరుగు బస్సు ఇబ్రహీంపట్నంలో ఆగినప్పుడు నాన్న అన్నారు: "ఆ ఏనుగు ముక్క ఎంత బాగుందమ్మా. చక్కగా రాశావు."

ఏళ్లుగా ఎదురుచూసిన మాట. తీసుకోలేకపోయాను.

"అది నేను రాసింది కాదు నాన్నా."

"మరెవరు, మీ అక్కొచ్చి రాసిందా?" అని నవ్వి, కిటికీ వైపు తిరిగారు.

బస్సు దిగగానే నాన్నకన్నా ముందు ఇంటి తలుపు దగ్గరకు వెళ్లాను.

ఇంటి తాళం వేసింది వేసినట్టే ఉంది. వెబ్‌సైట్ల భద్రత చూసే స్నేహితుడొకడు అంతా పరిశీలించి, లోపం పూర్తిగా మూసుకుపోయిందన్నాడు. "తలుపు పగలగొట్టుకుని రాలేదు. సరైన పాస్‌వర్డ్ కొట్టే వచ్చారు," అన్నాడు. లోపం ఉన్నంతకాలం అది ఎవరైనా కావచ్చు. దాన్ని మూసి, మిగతా అందరినీ అనుమానం నుంచి తప్పించింది నేనే.

దీనికి కారణం నాకు నేటికీ తెలియదు. ఆ వాక్యం సైటులో అలాగే ఉంది. భయపడి వదిలేయలేదు. మార్చి రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. అంతకన్నా మంచిది రాయలేకపోయాను.