బట్ట తాకనిదే మాట రాయని ఆవిడ

ఆ లిథువేనియా ఆవిడ ఎవరినీ ముఖం చూసి పలకరించేది కాదు. ముందు వాళ్ళ బట్ట అంచు పట్టుకుని వేళ్ళ మధ్య రుద్ది చూసేది. జమీందారైన మా తాతగారి ఎదుట జనం చేతులు కట్టుకుని నిలబడేవారు. ఈవిడ మొదటిరోజే నా కోటు అంచు రుద్ది, "పాలియెస్టర్" అంది జాలిగా.

సహించాను. జెర్సీ సిటీలోని మా అనువాదాల ఆఫీసుకి లినెన్ దుస్తుల కేటలాగొకటి వచ్చింది. దాన్ని లిథువేనియన్ నుంచి రష్యన్‌లోకి మార్చాలి. రెండు భాషలూ, బట్టల సంగతీ తెలిసిన మనిషి ఎంత వెతికినా ఈవిడే దొరికింది.

"జమీందారు గారూ, ఫ్రైడేకి డెలివర్ చేయకపోతే మీ వీసా ఎక్స్‌టెన్షన్ సంగతి నన్నడగొద్దు," అన్నాడు మా తెలుగు ఓనరు.

గురువారానికి ఆవిడ ఒక్క పేజీ రాయలేదు.

"ఫొటో చూసి ఎలా రాస్తాను? బట్ట గరుకో మెత్తనో తాకితేగా తెలిసేది!"

ఆ దుస్తులమ్మే దుకాణం మన్‌హాటన్‌లో ఉంటే తీసుకెళ్ళాను. నేను హేంగర్లు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక్కో గౌనూ రుద్ది, రష్యన్‌లో రాసుకుంటోంది. ఇంతలో ఎవరో అమెరికన్ పెద్దావిడ నన్ను దుకాణం మనిషనుకుని నా చేతిలో ప్యాంటు పెట్టి, "ఇందులో మీడియం తెచ్చిపెట్టు" అంది.

నిటారుగా నిలబడి మా వంశం గురించి చెప్పబోయాను.

"గొడవపడితే ఇద్దర్నీ గెంటేస్తారు. ఇంకా సగం కేటలాగుంది. వెళ్ళి తీసుకురా," అంది అనువాదకురాలు, కళ్ళు తెరవకుండానే.

తెచ్చాను. ఆ పెద్దావిడ మరో రంగు అడిగింది. అదీ తెచ్చాను. కేటలాగు పూర్తయ్యేసరికి నేను మూడు ప్యాంట్లు అమ్మాను. ప్రతిదాని అంచూ రుద్ది చూశాను; నాసిరకం మాత్రం ఒక్కటీ చూపించలేదు.