కోతిపిల్లకు యాదికుంటడా?

ఈ మధ్యాహ్నం పాప నిద్రపోయాక, మా నల్లగండ్ల ఫ్లాటులో ఒక యూరప్ సినిమా పెట్టుకున్నాను. తల్లిలేని చింపాంజీ పిల్లను ఒకాయన ఒంటరిగా పెంచే కథ. రెండేళ్లుగా మా పాపను చూసుకుంటున్న యాదమ్మ బట్టలు మడతపెడుతూ పక్కనే కూర్చుంది. నేను సబ్‌టైటిల్స్ చదువుకుంటున్నాను. చదువు రాని ఆవిడ సినిమా చూసింది.

"చేతిమీద ఏసుకొని సూడకుండనే పాలు పట్టిండు. నోరు కాలదా దానికి?" అని ఆయన్ని కోప్పడింది కూడా.

చివర్లో ఆయన దాన్ని అడవిలో వదిలేసి వచ్చేశాడు. యాదమ్మ చేతిలో పాప గౌను సగం మడతలోనే ఆగిపోయింది.

"పెద్దగైనంక దానికి గీయన యాదికుంటడా మేడం?"

"ఎందుకుండడు యాదమ్మా, గుర్తుంటాడు" అనేశాను.

వచ్చే నెల పాప ప్లేస్కూల్లో చేరుతోంది, ఇక రానక్కర్లేదని ఆవిడకు ఈ రోజే చెప్పాలి. సినిమా అయ్యాక చెబుదామనుకున్న తెలివి నాది! చెప్పలేకపోయాను.

మీకెవరికైనా రెండేళ్ల వయసులో మిమ్మల్ని ఎత్తుకు తిరిగినవాళ్లు గుర్తున్నారా? నన్నూ ఎవరో ఒకావిడ పెంచిందట. పేరు అమ్మనడిగి తెలుసుకోవాలి.