కాగితం మీద లేని వాక్యం

నేను ఒకసారి కాగితం మీద లేని వాక్యాన్ని ఉన్నట్టుగా చదివాను. అదీ ప్రభుత్వ పరీక్ష హాల్లో, ఇన్విజిలేటర్ ఎదురుగా. ఏ పూట ఏ కూర తిన్నానో కూడా రాసుకునే నా డైరీలో ఆ రోజు పేజీ ఖాళీగా ఉంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. నాన్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, అందుకని పెరిగిందంతా ఢిల్లీలోనే. కాలేజీ పుస్తకాల మధ్య తెలుగు నవలలు పెట్టుకుని చదివేదాన్ని. ఆ గుట్టు అమ్మకు ఒక్కదానికే తెలుసు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో గది తీసుకుని ఉద్యోగ పరీక్షకు చదువుతున్న ఒక అక్కకు నన్ను అప్పగించింది కూడా అమ్మే. అక్కది కరీంనగర్ వైపు. పుట్టుకతోనే చూపు లేదు. పరీక్ష తెలుగులోనే రాస్తానని ఆమె పట్టు.

చూపులేని వాళ్ళు చెబుతుంటే రాసిపెట్టడానికి ఒక మనిషిని ప్రభుత్వం అనుమతిస్తుంది. ఆ మనిషిని మనమే వెతికి తెచ్చుకోవచ్చు కూడా. ఢిల్లీలో తెలుగు రాయగలిగిన చెయ్యి దొరకడమే కష్టం. పైగా రాసే మనిషి చదువు పరీక్షకు కూర్చునే మనిషి చదువుకన్నా ఒక మెట్టు తక్కువగా ఉండాలి. నా చదువు తక్కువేనని కాలేజీ నుంచి కాగితం తెచ్చి ఇచ్చాను. నేను అన్ని విధాలా అర్హురాలినైన పదవి ఇంతవరకూ అదొక్కటే.

రెండు నెలలు రోజూ సాయంత్రం సాధన చేశాం. అక్క పొడిపొడిగా చెప్పేది. ఆ బోసితనం చూడలేక నేను వాక్యాలకు చిన్న చిన్న నగలు పెట్టేదాన్ని. ఒకరోజు రాసింది చదివి వినిపిస్తుంటే ఆపింది.

"చట్టం వెలుగై వచ్చిందా? గీ వెలుగు యాడికెల్లి వచ్చింది పిల్లా?"

"మీరే అన్నారేమో అక్కా."

"నేనా? నలభై ఒక్కేండ్లల్ల వెలుగు ముచ్చట నేనెప్పుడన్న తీసిన్నా? గది నీ డైరీల ముక్క. కొట్టెయ్."

కొట్టేశాను. అక్క నవ్వింది గానీ వెంటనే గొంతు తగ్గించింది. "చూడు, సర్కారు వయసుల పదేండ్ల సడలింపిచ్చింది. అది గుడ ఈసారితోనే అయిపాయె. పాసైనా ఫెయిలైనా నా మాటలతోనే కావాలె."

పరీక్ష ఒక బడిలో జరిగింది. గేటు దాటగానే అక్క చేతికర్ర దేనికో టకటకా తగిలింది.

"ఏంది, తోటలకొచ్చినమా?"

"ర్యాంపు అక్కా. దాని మీద వరసగా పూలకుండీలు పెట్టారు."

"మంచిగున్నయా?"

"బంతిపూలు. బాగానే ఉన్నాయి."

మా పక్కనే చక్రాల కుర్చీలో వచ్చిన ఒకాయనను, ఎక్కాల్సిన ఆ వాలుదారిలో చోటు లేక, ఇద్దరు ప్యూన్లు కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించారు. అది కూడా అక్క అడిగితే చెప్పాను.

మాకు విడిగా ఒక గది ఇచ్చారు. మేం కాపీ కొట్టకుండా చూడడానికి ఒక పెద్దాయనను కూర్చోబెట్టారు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా చెవులు రిక్కించి వినేవాడు, పాపం. మూడో ప్రశ్న వికలాంగుల హక్కుల కోసం ప్రభుత్వం తీసుకున్న చర్యల గురించి. అక్క చట్టం చెప్పింది, రిజర్వేషన్ చెప్పింది, భవనాల్లో ర్యాంపుల గురించి చెప్పింది. చివర ఒక్క క్షణం ఆగి ఇలా అంది:

"ఈ ఉదయం ఈ పరీక్షా కేంద్రంలో ర్యాంపు మీద పూలకుండీలు ఉన్నాయి, చక్రాల కుర్చీ మనుషుల చేతుల మీద పైకి వచ్చింది."

నా పెన్ను ఆగిపోయింది. మా ఇంట్లో నాన్న ఆఫీసు గురించి భోజనాల దగ్గర కూడా చెడ్డమాట అనుకోం. ప్రభుత్వం పెట్టిన పరీక్షలో ప్రభుత్వాన్నే ఎత్తిపొడిస్తే దిద్దేవాళ్ళు ఊరుకుంటారా? ఈమెకిదే ఆఖరి పరీక్ష. కాగితం మీద పెన్ను చప్పుడు అక్కకు వినపడాలి కదా, అందుకని పై వాక్యం కింద గీత గీశాను.

"రాసినవా?"

"రాశానక్కా."

అక్క చెప్పిందే రాస్తున్నానా అని ఇన్విజిలేటర్ గారికి సరిగ్గా అప్పుడే అనుమానం వచ్చింది. "బేటా, యే జో బోల్ రహీ హైఁ, వహీ లిఖ్ రహీ హో న?"

"జీ సర్."

ఒకే అబద్ధం రెండు భాషల్లో ఆడాను.

రాయించుకునేవాళ్ళకు గంటకు ఇరవై నిమిషాలు అదనం. ఆ సమయంలో అక్క జవాబులన్నీ చదివించుకుంది. మూడో జవాబు చివరికి వచ్చాను. లేని వాక్యాన్ని గుర్తున్నంతవరకూ చదివేశాను. అక్క తల పంకించింది. నేను పేజీ తిప్పబోయాను.

"ఆ ఆఖరిది ఇంకోపారి చదువు."

చదివాను. "...చక్రాల కుర్చీ మనుషుల భుజాల మీద పైకి వచ్చింది."

"ఇందాక చేతులన్నవ్. ఇప్పుడు భుజాలెక్కింది. కాగితం మాట మార్సదు గద పిల్లా."

నేను ముక్కు ఎగబీల్చిన చప్పుడు అక్క వినే ఉంటుంది.

"భయపడ్డవా?"

"ఆఖరి ఛాన్సు కదక్కా. వాళ్ళకు కోపం వస్తే?"

"వస్తే నా మీద రానియ్. ఎన్ని నిమిషాలున్నయ్?"

"ఆరు."

"సాలు. చేతులనే రాయి."

రాశాను. చేతులనే రాశాను, నగలేమీ పెట్టలేదు. నా జీవితంలో నేను రాసిన అతి బోసి వాక్యం అదే.

దిద్దినవాళ్ళు ఆ వాక్యం చదివి ఏమనుకున్నారో తెలియదు. అక్క పాసయింది. దక్షిణాదిలో ఒక ఊళ్ళో పోస్టింగ్ వచ్చింది. రైలెక్కించడానికి నేనే వెళ్ళాను. సాయం చేయబోయిన కూలీ ఆమె చెయ్యి పట్టి లాగితే, "మైఁ పకడూఁగీ భయ్యా, ఆప్ నహీఁ" అని, పట్టుకోవాల్సింది తనే గానీ అతను కాదని చెప్పి, విడిపించుకుని నా మోచెయ్యి పట్టుకుంది. సీట్లో కూర్చోబెట్టాక ఏదో మంచిమాట చెప్పాలని దారంతా కూడబలుక్కున్నది నోట్లోనే ఉండిపోయింది. మెసేజ్ పెడతానని మాత్రం గొణిగాను. అక్క ఫోను తనకు వచ్చినవన్నీ పైకి చదివి వినిపిస్తుంది. దాన్ని బ్యాగులోంచి తీసి తట్టి చూపించింది.

"పెట్టు పిల్లా, రోజూ పెట్టు. గిది నీ లెక్క కాదు, ఉన్నదే చదువుతది."